నాలుగు ముఖాల ఖాతా

కొత్తగా నల్లకోటు వేసుకొని కోర్టుకొచ్చే పిల్లలు నన్ను పట్టుకొని ఒకటే అడుగుతుంటారు, ఇన్నేళ్ళు లాయర్ల దగ్గర గుమస్తాగా చేశారు కదా, మీరు చూసిన పెద్ద కేసు ఏదీ అని. హత్య కేసో, పోర్టులో కంటెయినర్ల కేసో చెబుతాననుకుంటారు. చేపలమ్మే నలుగురు ఆడవాళ్ళు తీసుకున్న సెల్ఫీల కేసు అంటాను. వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ కేసు గురించి మొదలుపెడితే నేను మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేను. మా ఆవిడ లోపలినుంచి "కాస్త నెమ్మది, బీపీ" అని కేకేస్తుంది. రిటైరయ్యాను కాబట్టి "ఇక చాలు" అనే జడ్జి కూడా ఇప్పుడు ఎవరూ లేరు. మొత్తం చెప్పేస్తాను.

నేను చివరగా పనిచేసింది వన్ టౌన్‌లో, ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు పైనున్న ఆఫీసులో. మా లాయరమ్మది నా పెద్దకూతురి వయసు. ఆవిడ తుమ్ముతూ డిక్టేషన్ ఇచ్చేది, నేను తుమ్ముతూ కట్టలు కట్టేవాణ్ణి. మామూలుగా నన్ను బాబాయ్ అనేది. "బాబాయ్ గారూ" అందంటే మాత్రం నేనేదో కాగితం తప్పుగా పెట్టానని అర్థం. కేసులు కంప్యూటర్లో దాఖలు చేసే రోజులొచ్చాక నాకు ఆ "గారు" మర్యాద బాగా పెరిగింది.

పాత లాయర్ల దగ్గర నేను చూసినవి గట్టు తగాదాలు, అన్నదమ్ముల వాటాలు, చెల్లని చెక్కులు. ఈవిడ దగ్గరికి వచ్చేవన్నీ ఫోన్లోంచి పుట్టిన గొడవలే. ఫోన్ కొంటే పెట్టెలో సబ్బు వచ్చినవాడు ఒకడు, రద్దు చేసిన టిక్కెట్టు కోసం తిరిగేవాడు ఇంకొకడు. అన్నీ వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే కేసులు. ఇదేం ప్రాక్టీసురా దేవుడా, సబ్బుల కొట్టులా ఉంది అని లోపల గొణుక్కునేవాణ్ణి. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫిషింగ్ హార్బర్ నుంచి నలుగురు ఆడవాళ్ళు మా మెట్లెక్కి వచ్చారు.

నలుగుర్లో పెద్దామె చేతిలో ఒక ఫోన్ ఉంది, తడి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి. మాది శ్రీకాకుళం వైపు పల్లె, మావైపు అక్కను అప్ప అంటాం. నేను "కూర్చో అప్పా" అనగానే ఆవిడ ముఖం కాస్త తేటపడింది. జరిగింది చెప్పింది.

ఇంటి దగ్గర కూర్చొని ఫోన్లో చేపలు తెప్పించుకునే యాప్ ఒకటి ఉంది. పేరు చెప్పను. తెల్లవారకముందే వేలంలో కొన్న చేపల్ని శుభ్రం చేసి, కోసి, ప్యాక్ చేసి వీళ్ళు ఇస్తారు. యాప్ కుర్రాళ్ళు బైక్ మీద పట్టుకెళ్ళి స్టీల్ ప్లాంట్ క్వార్టర్ల దాకా అందిస్తారు. ఖాతా పెద్దామె పేరు మీద ఉంది. కానీ పని నలుగురిదీ, వంతులవారీగా. హార్బర్లో కూర్చునే చోటు ఒకటే అయినప్పుడు వాళ్ళ అమ్మల కాలం నుంచీ అలాగే చేస్తున్నారట. ఈ రోజు ఎవరి వంతైతే ఆ రోజు చేపలు ఆవిడవి, మిగిలింది ఆవిడది, చేప పాడైతే పడే తిట్లూ ఆవిడవే. వంతు లేనివాళ్ళు తట్ట నెత్తిన పెట్టుకొని వీధుల్లోకి పోతారు. తట్టకు తోడు యాప్ వచ్చింది గానీ వంతు మాత్రం మారలేదు.

ఇక్కడే పడింది చిక్కు. ఆ యాప్ రోజూ పొద్దున్నే ఖాతాదారు ముఖం చూపించమని అడుగుతుంది. అసలు మనిషే వాడుతోందా, ఇంకెవరైనానా అని చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. వీళ్ళకు ఆ సంగతి తెలియదు. వంతు ఎవరిదైతే వాళ్ళు తమ ముఖం చూపించారు. కొన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేదు. తరవాత ఎక్కడో కంపెనీ కంప్యూటర్ ఆ ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి చూసినట్టుంది, ఒక ఖాతాకు నాలుగు ముఖాలున్నాయని తేల్చేసింది. బ్రహ్మదేవుడు దరఖాస్తు పెట్టుకున్నా ఆ కంపెనీ ఖాతా ఇవ్వదన్నమాట. ఒక పొద్దున ఫోన్ తెరిస్తే, మోసానికి పాల్పడినందున ఖాతా శాశ్వతంగా మూసివేశామని ఉంది. అంతటితో పోతే బాగుండేది. అంతవరకూ ఆవిడ దగ్గర కొన్న వాళ్ళందరి ఫోన్లకూ అదే సమాచారం పంపారు, ఈ విక్రేతను మోసం కారణంగా తొలగించామని.

హార్బర్లో మాట ఎంతసేపట్లో పాకుతుందో మీకు చెప్పక్కర్లేదు. కుళ్ళిన చేప పంపి ఉంటారని కొందరు, తూకంలో కొట్టి ఉంటారని కొందరు. ఎప్పటినుంచో కొనేవాళ్ళు ఎదురుపడినా తల తిప్పుకొని పక్క తట్ట దగ్గరికి పోతున్నారట. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు తప్ప మనిషి దొరకలేదు.

లాయరమ్మ అంతా రాసుకుంటూ, ఖాతా మళ్ళీ తెరిపించాలి, అంతేనా అని అడిగింది. పెద్దామె తల అడ్డంగా ఊపింది.

"ఖాతా పోతే పోనీయండమ్మా, తట్టెట్టుకుంటాం. మోసం అన్నారు గదా. ఆ మాట ఎనక్కి తీసుకోవాల. నా మనవల కాడ కూడా అదే మాటైపోనాది."

మా లాయరమ్మ కలం కింద పెట్టేసింది. ఆవిడ కళ్ళు చూస్తే నాకు అర్థమైపోయింది, ఇలాంటి కేసు కోసమే ఇన్నాళ్ళూ సబ్బుల కేసులు చేస్తూ కూర్చుందని. వాళ్ళు మెట్లు దిగగానే ఆఫీసులో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. "బాబాయ్, ఒక మనిషి పేరును మనిషన్నవాడు చూడకుండా యంత్రం చెడగొట్టొచ్చా? ఇదే మన ప్రశ్న" అంది. చెప్పొద్దూ, అంతవరకూ కంప్యూటర్‌ను తిట్టుకుంటూ బతికిన నాకు కూడా ఒళ్ళంతా ఉత్సాహం వచ్చేసింది. ఆ కంపెనీ కంప్యూటర్ మీద కేసు వేయడమంటే నాకు సొంత కక్ష తీర్చుకున్నట్టే అనిపించింది.

కమిషన్లో ఫిర్యాదు వేశాం. కంపెనీ ఊరుకోలేదు. రెండు గోడలు కట్టింది. ఖాతా తెరిచేటప్పుడు "అంగీకరిస్తున్నాను" అని నొక్కారు కాబట్టి, ఏ తగాదా అయినా తమ ఊరొచ్చి తాము చెప్పిన మధ్యవర్తి ముందే తేల్చుకోవాలనేది మొదటిది. ఈవిడ వ్యాపారి, వినియోగదారు కాదు, కాబట్టి కమిషన్ తలుపే తట్టకూడదనేది రెండోది. మీరు కూడా రోజూ నొక్కుతారే ఆ పెట్టె, దాని వెనక ఎంత కథ ఉంటుందో ఆ కాగితాలు చదివితే తెలిసింది. నిద్ర రానివాళ్ళు ఎవరైనా ఉంటే ఆ షరతులు చదవమని నా సలహా.

మొదటి గోడ తొందరగానే కూలింది. అలాంటి షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల తలుపు మూసుకుపోదని పెద్ద కోర్టు ఎప్పుడో చెప్పింది. మా కమిషన్ అధ్యక్షులు ఆ తీర్పు చూసి, హార్బర్ మనిషి హార్బర్ ఉన్న ఊళ్ళోనే అడగొచ్చన్నారు. రెండోదాని సంగతి మాత్రం సాక్ష్యం విన్నాక చూద్దామన్నారు. సొంత చేతుల కష్టంతో పొట్టపోసుకోవడానికి సేవ వాడుకున్నవాళ్ళు కూడా చట్టం లెక్కలో వినియోగదారులే. ఈవిడ ఆ లెక్కలోకి వస్తుందా, నలుగురు కలిసి నడిపే వ్యాపారం లెక్కలోకి వస్తుందా అన్నది తేలాలి.

అప్పుడు కంపెనీ తన బ్రహ్మాస్త్రం తీసింది. నలుగురి సెల్ఫీలు అన్నిటినీ సాక్ష్యంగా దాఖలు చేసింది. కాగితం మీద నల్లటి మచ్చల్లా అచ్చయిన ముఖాలు. వాటిని చూసి లాయరమ్మా నేనూ నీరుగారిపోయాం. ఒక ఖాతా, నాలుగు ముఖాలు, ఇంక రుజువు చేయడానికేముంది? నేను ఆ కట్ట తిరగేస్తూ తిరగేస్తూ ఒకచోట ఆగిపోయాను. కంప్యూటర్లోంచి తీసిన దాన్ని సాక్ష్యంగా పెడితే, ఇది ఫలానా యంత్రం నుంచి మార్పు లేకుండా తీశామని ఒక ధ్రువపత్రం ఉండాలి. కొత్త సాక్ష్య చట్టం దాన్ని ఇంకా గట్టిగా అడుగుతోంది. ఈ కట్టలో అది లేదు.

లాయరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. కమిషన్లో సాక్ష్య చట్టాన్ని మరీ అంత బిగించి పట్టుకోరని ఆవిడకు తెలుసు, అయినా అభ్యంతరం బలమైనదే. ఫొటోలను పక్కన పెట్టించగలిగితే నాలుగు ముఖాలకు రుజువే ఉండదు. ఆ సాయంత్రం కింద బండి మీంచి వేడివేడి పునుగులు తెప్పించుకొని సగం కేసు గెలిచినట్టే తిన్నాం. చట్టం తెలిసినవాళ్ళం ఇద్దరం కూర్చొని ఇంత పకడ్బందీగా ఆలోచించామా, ఆ ఫొటోల్లో ఉన్న నలుగురినీ ఒక్క మాట అడగాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

విచారణ రోజు వచ్చింది. కమిషన్ హాల్లో గోడకు పెద్ద తెర పెట్టారు, కంపెనీ లాయరు వాళ్ళ ఊరినుంచే అందులో కనిపిస్తున్నాడు. వెనక అద్దాల బీరువా, ముందు కాఫీ కప్పు. మా నలుగురూ హార్బర్లో పని ముగించుకొని, చీరలు మార్చుకొని, తలలో కనకాంబరాలు పెట్టుకొని వచ్చి చివరి బెంచీ మీద వరసగా కూర్చున్నారు. బెంచి క్లర్కు నా పాత స్నేహితుడు. "ఏటి బావా, ఇయ్యాల సేపల బజారు ఇక్కడే ఎట్టేసినావా" అని నా చెవిలో అన్నాడు. నాకు నవ్వు రాలేదు, కట్టలో కాగితాలు మరోసారి సరిచూసుకుంటున్నాను.

ఫిర్యాదుదారును తానే స్వయంగా ప్రశ్నించాలని కంపెనీ లాయరు కోరాడు. అధ్యక్షులు ఒప్పుకున్నారు. ఆయన ఇంగ్లీషులో అడిగితే అధ్యక్షులే తెలుగులో చెప్పారు. మిగతా ముగ్గురూ మీ దగ్గర జీతానికి పనిచేసేవాళ్ళా అన్నది మొదటి ప్రశ్న. కాదు, ఊరికే సాయానికి వస్తారు అంటే ఖాతా ఈవిడ ఒక్కదానిదే అవుతుంది, మాకు మేలు. ఆ మాటే అనాలని మనసులో దండం పెట్టుకున్నాను.

"నేదు బాబూ. మాలో ఒకల కింద ఒకలు పన్సెయ్యం. వంతు" అంది.

వంతంటే ఏమిటని అధ్యక్షులు అడిగారు. ఆయనది గోదావరి వైపు, హార్బర్ పద్ధతులు తెలియవు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "ఇయ్యాల నా వంతనుకోండి. సేపలు నాయి, కష్టం నాది, తిట్లు నాయి. రేపు ఈవిడిది. రేపు నాను ఆ యాపారం దరికెల్లను."

తెరమీద లాయరు ముఖం వెలిగిపోయింది. చూశారా, ఖాతా చేతులు మారినట్టు తనే ఒప్పుకుంటోంది, ఇక ఫొటోలు కూడా చూడండి అన్నాడు. అధ్యక్షులు మావైపు తిరిగి, ఈ ఫొటోలు చూడకూడదని మీ అభ్యంతరం ఉంది కదా, వాదించండి అన్నారు. లాయరమ్మ లేచి ధ్రువపత్రం గురించి మొదలుపెట్టింది. రెండు వాక్యాలు కూడా అయ్యాయో లేదో, సాక్షి స్థానంలోంచి పెద్దామె గొంతు వినబడింది. కోపం లేదు ఆ గొంతులో, నొచ్చుకున్నట్టుంది.

"మా ఫొటోలు మీరెందుకు దాసేత్తన్నారమ్మా? మావేటి తప్పు సేసినాం?"

లాయరమ్మ నా వంక చూసింది. నేను వద్దన్నట్టు తల ఊపాను, గట్టిగా, రెండుసార్లు. మా దగ్గరున్న ఆయుధం అదొక్కటే. ఆవిడ చివరి బెంచీ వైపు చూసింది. అక్కడి ముగ్గురూ కూడా అదే ప్రశ్న ముఖంలో పెట్టుకొని చూస్తున్నారు. "అభ్యంతరం ఉపసంహరించుకుంటున్నాను. ఫొటోలన్నీ తెరమీద వేయించండి, రంగుల్లో" అంది.

అయిపోయింది, పునుగులు తిన్నదంతా దండగ అనుకున్నాను.

కంపెనీ లాయరు సంతోషంగా తానే తన కంప్యూటర్‌లోంచి ఫొటోలు తెరమీద వేశాడు. మొదటిది పెద్దామెది. ఓటరు కార్డు ఫొటోలోలా బిగుసుకుపోయి ఉంది. రెండోది నల్లగా పొడుగ్గా ఉన్నావిడది. చెంప పక్కన నిగనిగలాడే కోనాం చేపను పట్టుకొని, అదీ తనూ ఒకే ఫ్రేములో పడేలా తీసుకుంది. మూడోది వానలో, నెత్తిన ప్లాస్టిక్ కవర్ కప్పుకొని పకపకా నవ్వుతున్న మనిషి. ఇంకోదాంట్లో ఒకావిడ ఫోన్ పట్టుకుంటే, వెనకనుంచి ఇంకొకావిడ ఆమె జడ సర్దుతోంది. చివరిదాంట్లో వంతు ఉన్నావిడ ముందు నిలబడితే, మిగిలిన ముగ్గురూ వెనక ఇరుక్కొని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు, వాళ్ళ వెనక పడవలు. నల్లటి మచ్చల్లా అచ్చయిన కాగితాల్లో ఇవేవీ మాకు కనబడలేదు. కమిషన్లో సభ్యురాలిగా ఉన్న మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిందనుంచి ఎవరో నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఎందుకో కళ్ళు తడిశాయి.

అధ్యక్షులు మాత్రం నవ్వలేదు. ఎవరికి వారు ముఖం ఎందుకు చూపించారని పెద్దామెను అడిగారు.

"పొద్దున్నే అడుగుద్ది బాబూ, ముఖం సూపించమని. ఇయ్యాల పనికి ఎవులొచ్చారో సూసుకుంతంది అనుకున్నాం. వంతెవులిదైతే ఆలే సూపించినారు." మళ్ళీ తనే అంది, "ఒకల వంతున ఇంకొకల ముఖం ఎడితే గదా బాబూ మోసం?"

అధ్యక్షులు కలం పట్టుకొని ఆ మాటను తెలుగులోనే, అన్న వరసలోనే రాసుకున్నారు. తరవాత తెరవైపు తిరిగి ఒకటే అడిగారు. మోసం అని రాసేముందు ఈ ఫొటోలు మీ కంపెనీలో ఎవరు చూశారు? లాయరు, మా వ్యవస్థ చూసిందన్నాడు. వ్యవస్థ సరే, మనిషి ఎవరు చూశారన్నారు అధ్యక్షులు. తెర ఆగిపోయిందేమో అనుకున్నాం. బెంచి క్లర్కు లేచి తీగ కూడా కదిపి చూశాడు. ఆగలేదు, ఆయనే ఆగిపోయాడు.

తీర్పు ఇంకో వాయిదాకు వచ్చింది. సారం చెబుతాను. ఒక్కొక్కరూ తమ వంతు రోజున తమ చేతుల కష్టంతోనే బతుకుతున్నారు, వంతు వేసుకున్నంత మాత్రాన అది పెద్ద వ్యాపారం అయిపోదు, కాబట్టి వినియోగదారే. ఖాతాను ఒకరే వాడాలన్న షరతు వీళ్ళు తప్పిన మాట నిజం, అది కమిషన్ కప్పిపుచ్చలేదు. కానీ షరతు తప్పడం వేరు, మోసం వేరు. ఆ తేడా చూడటానికి ఒక మనిషిని పెట్టకుండా, ఎదుటివాళ్ళ మాట వినకుండా పేరు చెడగొట్టడం సేవలో లోపం. నలుగురి పేర్లూ చేర్చి ఖాతా తెరవాలి. మోసం అన్న సమాచారం ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ అది తప్పని మళ్ళీ పంపాలి, తెలుగులో.

చదవడం పూర్తవగానే మా లాయరమ్మ వరండాలోకి పరుగెత్తింది, కోటు కూడా తీయకుండా నన్ను గట్టిగా వాటేసుకుంది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఏ లాయరూ నన్ను వాటేసుకోలేదు, సిగ్గుతో చచ్చిపోయాను. కంపెనీ పై కమిషన్‌కు అప్పీలుకు వెళ్తుందేమో అని చాలా రోజులు భయపడ్డాం. వెళ్ళలేదు. పిల్లలూ, ఒక మాట అడుగుతారని తెలుసు, యంత్రం తప్పా అని. యంత్రానిది ఏం తప్పు? దానికి నాలుగు ముఖాలు నాలుగు ముఖాలుగానే కనిపించాయి. కాగితం మీద మాకూ అంతే కనిపించాయి. చదువుకొని కూడా మేము ఆ యంత్రంలాగే చూశామని నాకిప్పటికీ కాస్త ఉడుకుమోత్తనం ఉంది.

సమాచారం వెళ్ళిన పొద్దున నేను ఆగలేక హార్బర్‌కు పోయాను. చీకటి ఇంకా పూర్తిగా విడిపోలేదు, పడవల దగ్గర వేలం సాగుతోంది. నలుగురూ తమ చోటులోనే ఉన్నారు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దమనిషి అప్పుడే స్కూటర్ దిగి వచ్చాడు. ఒకప్పుడు వీళ్ళ దగ్గరే కొని, ఆ మోసం మాట వచ్చాక ముఖం చాటేసినవాళ్ళలో ఆయనొకడట. ఫోన్ తీసి పెద్దామె ముందు పెట్టాడు. ఆవిడకు చదవడం రాదు. దాన్ని నా చేతికిచ్చింది.

"ఈ విక్రేత గురించి మేము గతంలో పంపిన సమాచారం తప్పు. ఆమె ఎలాంటి మోసమూ చేయలేదు" అని చదివాను.

ఆవిడ చేప కోస్తున్న కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని నిలబడింది. మిగతా ముగ్గురూ వచ్చి పక్కన నిలబడ్డారు.

"మరోపాలి సదవండి బాబూ" అంది. "గట్టిగా. ఆ ఐసు కాడున్నోలకి కూడా ఇనపడాల."

ఇన్నేళ్ళూ కోర్టు గుమ్మంలో బంట్రోతు పేర్లు పిలుస్తుంటే విన్నవాణ్ణి, పిలవడం ఎలాగో నాకు తెలుసు. గొంతు సవరించుకొని, ఉన్న ఊపిరంతా పెట్టి, మొదటినుంచి మళ్ళీ చదివాను. వేలం పాడుతున్న మనిషి పాట ఆపి విన్నాడు.